తక్కెడ రెండో పళ్ళెం: లాంగ్, షార్ట్‌ల సమతూకం

ధర పెరుగుతుందన్న నమ్మకంతో షేరు కొని ఉంచుకోవడం లాంగ్. పడుతుందన్న అంచనాతో ఇతరుల షేరును అరువు తెచ్చి అమ్మి, ధర తగ్గాక కొని తిరిగి ఇవ్వడం షార్ట్. ఈ రెండో ఆలోచన షేరు బజారంత పాతది. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఐజాక్ లె మేర్ బృందం తమ వద్ద లేని డచ్ ఈస్టిండియా కంపెనీ షేర్లను తరువాత అప్పగిస్తామన్న ఒప్పందంపై అమ్మింది. మరుసటి ఏడాదే అక్కడి ప్రభుత్వం అటువంటి అమ్మకాలను నిషేధించింది.

జూదమని నిందపడ్డ ఈ పనిని జాగ్రత్త సాధనంగా మలచినవాడు ఆల్ఫ్రెడ్ విన్‌స్లో జోన్స్. సామాజిక శాస్త్రవేత్తగా, ‘ఫార్చ్యూన్’ రచయితగా పనిచేసిన జోన్స్ 1949లో లక్ష డాలర్లతో ఒక నిధిని ప్రారంభించాడు. అందులో 40,000 డాలర్లు ఆయనవే. బలమైన షేర్లు కొనడం, బలహీనమైనవాటిని షార్ట్ చేయడం ఆయన పద్ధతి. ఉదాహరణకు, 100 డాలర్ల మూలధనం ఉన్నవాడు అప్పు చేర్చి 110 డాలర్లకు షేర్లు కొని, 40 డాలర్లకు షార్ట్ చేస్తే, మార్కెట్ దయకు వదిలినది 70 శాతమే. పోకడ ఆశాజనకంగా ఉంటే జోన్స్ ఈ శాతాన్ని పెంచేవాడు, అనుమానం కలిగితే తగ్గించేవాడు.

1966లో కేరల్ లూమిస్ ‘ఫార్చ్యూన్’లో రాసిన వ్యాసంతో ఈ పద్ధతి లోకానికి తెలిసింది. మంచి చెడ్డ షేర్లను వేరుచేయడంలో జోన్స్ దిట్ట. మార్కెట్ దిశను ఊహించడంలో మాత్రం ఆయనది సామాన్యమైన ప్రతిభే. ఆ తేడాను అనుకరించినవారు గమనించలేదు. పెరిగే మార్కెట్లో షార్ట్‌లు లాభాన్ని తినేస్తున్నాయని చాలామంది వాటిని వదిలేశారు. 1969–70 పతనంలో అటువంటి నిధులు ఘోరంగా దెబ్బతిన్నాయి.

ముప్ఫై ఏళ్ళ తరువాత అదే పరీక్ష సిలికాన్ వ్యాలీకి వచ్చింది. సన్నీవేల్ పొరుగున శాంటా క్లారాలో ఉన్న త్రీకామ్, 2000 మార్చి 2న తన అనుబంధ సంస్థ పామ్ షేర్లలో సుమారు ఐదు శాతాన్ని బజారులో పెట్టింది. (పామ్ తరువాతి కాలంలో సన్నీవేల్‌కే తరలింది.) 38 డాలర్లకు జారీ అయిన షేరు ఆనాడు 95 డాలర్ల వద్ద ముగిసింది. ఒక్కో త్రీకామ్ షేరుకు సుమారు ఒకటిన్నర పామ్ షేర్లు దక్కనున్నాయి. కనుక త్రీకామ్ ధర 140 డాలర్లు దాటవలసింది. అది 82 డాలర్ల లోపే ఉంది! త్రీకామ్ కొని పామ్‌ను షార్ట్ చేస్తే లాభం తథ్యమని లెక్క చెబుతోంది. కాని అరువివ్వడానికి పామ్ షేర్లే దొరకలేదు. లెక్క తెలిసినవారికి కూడా తక్కెడ రెండో పళ్ళెం అందలేదు.

మార్చి 10న నాస్‌డాక్ 5,048 వద్ద శిఖరాన్ని తాకింది. సాంకేతిక షేర్ల వెర్రిని నమ్మని జూలియన్ రాబర్ట్‌సన్, మార్చి 30న తన టైగర్ నిధులను మూసివేస్తున్నట్టు ప్రకటించాడు. ఆయన అంచనా నిజమైంది, అయితే అది నిజమయ్యేదాకా మదుపరులు ఆగలేదు. 2002 అక్టోబరు నాటికి నాస్‌డాక్ 1,114కు దిగింది.

ఆనాడు సన్నీవేల్ పరిసరాల్లో పనిచేసిన ఇంజనీర్ల పరిస్థితి మరొక రకం. జీతం, స్టాక్ ఆప్షన్లు, ఇంటి ధర, వీసాపై ఉన్నవారికి ఈ దేశంలో ఉండే హక్కు, అన్నీ ఒకే పరిశ్రమపై పెట్టిన లాంగ్‌లే. ఆప్షన్లతో షేర్లు కొని అమ్మకుండా ఉంచుకున్న కొందరు, అవి కుప్పకూలిన తరువాత కూడా కాగితం మీది లాభానికి ప్రత్యామ్నాయ కనీస పన్ను బాకీపడ్డారు. ఆ బకాయిలకు చట్టబద్ధమైన ఊరట 2008లో గాని రాలేదు. సొంత కంపెనీ షేరును షార్ట్ చేయడం ఉన్నతాధికారులకు 1934 చట్టం ప్రకారమే నిషిద్ధం. చాలా కంపెనీల నియమాలు సాధారణ ఉద్యోగులనూ అందుకు అనుమతించవు. వారికి మిగిలిన సమతూకం ఒక్కటే: చేతికందిన షేర్లను కొంత కొంతగా అమ్మి, సంబంధంలేని చోట్ల దాచుకోవడం.

మార్కెట్ ఎటు పోతుందో ముందుగా తెలియదన్న ఒప్పుకోలే జోన్స్ పద్ధతికి పునాది. పోకడ అనుకూలంగా ఉన్నన్నాళ్ళూ ఆ రెండో పళ్ళెం దండగగానే కనిపిస్తుంది. దాన్ని తీసిపారేయాలన్న కోరిక బలంగా పుట్టేదీ, దాని అవసరం దగ్గరపడేదీ తరచు ఒకే కాలంలో.