కుక్కల ఊపిరి - హైదరాబాదు తీర్పు

ఏలూరు కాలువగట్టున గాని, తాడేపల్లిగూడెము వీధులలో గాని, కొల్లేటి లంకలలో చేపలచెరువుల చెంత గాని గాయపడిన కుక్కను పశువైద్యశాలకు కొనిపోయినవారు ఒక సంగతి గమనించియుందురు. మత్తుమందిచ్చిన వెనుక వైద్యుడు కత్తి పట్టుటకు ముందు దాని డొక్క యెగయుచున్నదా లేదా యని చూచును. ఆ చూపు వెనుక తెలుగుగడ్డపై జరిగిన కథ యొకటి కలదు. శ్రోతలకు దానిని చెప్పవలెనని మేము చాల దినములుగా అనుకొనుచున్నాము.

1847లో ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారమును వాడుకలోనికి తెచ్చెను. శస్త్రచికిత్సలో బాధ తొలగెను, భయము తొలగలేదు. 1848 జనవరిలోనే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనబోయి, ఆ మత్తులోనే కన్నుమూసెను. అట్టివారికి మొదట ఆగునది గుండెయా, ఊపిరియా? లండను పండితులు గుండె యనిరి, నాడి పట్టి చూడుమనిరి. ఎడింబరో వారు ఊపిరి యనిరి. ఈ తగవు నలువది యేండ్లు తెగలేదు.

ఎడింబరో శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా, అచ్చటి వైద్య పాఠశాలకు పెద్దగా ఉండెను. పట్టిన పట్టు విడువని మనిషి. 1888లో ఒక సంఘమును కూర్చి వీధికుక్కలపై పరీక్షలు జరిపించి, ఊపిరియే ముందు ఆగునని ప్రకటించెను. లండనులోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అంతట ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్, మీ పండితునే పంపుడని 1,000 పౌనులు ఇవ్వజూపెను. 1889 చివరి మాసములలో లాడర్ బ్రంటన్ వచ్చెను. కుక్కలు, కోతులు, మేకలు, పిల్లులు, గుఱ్ఱములు కలిసి 400కు మించిన జీవములపై పరీక్షలు సాగెను. రక్తపు పోటును యంత్రము గీతలుగా వ్రాసెను. ఆ పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడ ఈ పనిలో పాల్గొనెను. మత్తువైద్యమున పేరొందిన తొలి మహిళలలో ఆమె యొకతె. గుండెవాదిగా వచ్చిన బ్రంటన్ ఊపిరివాదిగా మరలిపోయెను. ఆ జీవముల లెక్క చదువునపుడు మా గొంతు కొంత తగ్గును. శ్రోతలు మన్నింతురు గాక.

ఇంతయు జరిగియు తీర్పు సగమే నిజము. 1911లో గుడ్మన్ లెవీ పిల్లులపై పరీక్షించి, మత్తు లేతగా ఉన్నపుడు ఎడ్రినలిన్ రక్తమున చేరినచో గుండె లయ తప్పి, కొట్టుకొనుట మాని అదరి, అకస్మాత్తుగా నిలిచిపోవునని చూపెను. బెదరిన ప్రాణిలో ఎడ్రినలిన్ తానుగనే పొంగును. లారీ తన వాదమున కింత చోటిచ్చియుండిన బాగుండెడిదని మాకు తోచును. అయినను ఊపిరిని కనిపెట్టియుండుడను ఆయన బోధ వ్యర్థము కాలేదు.

క్లోరోఫారము నేడు శస్త్రచికిత్సాశాలలను విడిచిపోయినది. కెటమిన్, జైలజిన్, ఐసోఫ్లూరేన్ దాని స్థానమున వచ్చినవి. వీధికుక్కలను చంపక, శస్త్రచికిత్సతో సంతానము కలుగకుండ చేయవలెనని 2001లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది; 2023లో వాని స్థానమున క్రొత్తవి వచ్చినవి. చిన్న రంధ్రము గుండ కెమెరాను పంపి చేయు చికిత్సయు కుక్కలకు, పిల్లులకు అందినది. మత్తులోనున్న కుక్క నాలుకకు బట్టల క్లిప్పు వంటి పరికరమును తగిలింతురు. అది నాడిని, రక్తములోని ప్రాణవాయువును ఒక్కసారిగా చూపును. డొక్క వంక చూచుట మాత్రము వైద్యుడు మానడు.