కంపెనీ సగం, ఓనరు సగం: కాంటెస్సా కథ

బ్రిటన్‌లో వాక్స్‌హాల్ కంపెనీ 1972లో విక్టర్ ఎఫ్‌ఈ అనే కారును దింపినప్పుడు దాని బోనెట్ కింద 1.8 లీటర్ల ఇంజను, 2.3 లీటర్ల ఇంజను పెట్టి అమ్మింది. ఇంకా డాబు కావాలన్నవాళ్ల కోసం అదే బాడీకి వెంటోరా అని పేరు పెట్టి 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజను బిగించింది. పన్నెండేళ్ల తర్వాత, 1984లో, ఆ బాడీయే బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీ నుంచి హిందుస్థాన్ కాంటెస్సాగా బయటికొచ్చింది. లోపలున్నది మాత్రం 1.5 లీటర్ల ఇంజను. అదీ కొత్తది కాదు, అంబాసిడర్ నుంచి తీసి పెట్టినది. 1489 సీసీ, బలం యాభై హార్స్‌పవర్ దగ్గర. అంబాసిడర్‌నే ముక్కుతూ మూలుగుతూ లాగే ఇంజను అంతకన్నా పొడవైన, వెడల్పైన కారును ఎలా లాగుతుందో ఊహించడానికి మెకానిక్కే అయి ఉండనక్కర్లేదు.

అయినా జనం కొన్నారు. క్యూ కట్టి కొన్నారు.

ఎందుకో తెలియాలంటే అప్పటి బజారు చూడాలి. దేశంలో కారు అంటే మూడే పేర్లు: అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, 1983 చివర్లో వచ్చిన మారుతి 800. అంబాసిడర్ ఒళ్లు 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ది. పద్మిని 1960ల ఫియట్. మారుతి కొత్తదే గానీ చిన్నది. చేతిలో డబ్బున్నా విదేశీ కారు తెప్పించుకోవడం అయ్యే పని కాదు, సుంకమే కారు ధరను మింగేసేది. రాయబార కార్యాలయాల వాళ్లు వాడి వదిలేసిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలం వేస్తే అక్కడ పాడుకోవడం ఒక దారి. అలా కొన్న కారుకు అద్దం పగిలినా, గేరు పళ్లు అరిగినా స్పేరు పార్టుల కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కాలో కొన్నవాడికే తెలుసు. అలాంటి కాలంలో షోరూంకెళ్లి డబ్బు కట్టి తెచ్చుకోగలిగిన పెద్ద కారు కాంటెస్సా. పొడవు నాలుగున్నర మీటర్లకు పైనే. ముందు విడి సీట్లు, నేలమీద గేరు రాడ్డు, లోతైన డిక్కీ, వెనక కాళ్లు చాపుకునేంత చోటు. ముఖ్యంగా, అది అంబాసిడర్ కాదు. చాలామంది ఓనర్లకు ఆ ఒక్క కారణం చాలింది.

వాక్స్‌హాలే ఎందుకు దొరికింది? అంబాసిడర్, కాంటెస్సా రెండూ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్‌కు జనరల్ మోటార్స్ కుటుంబంతో పాత చుట్టరికం ఉంది. బ్రిటన్‌లో వాక్స్‌హాల్ తయారుచేసే బెడ్‌ఫర్డ్ లారీలను ఇక్కడ తయారుచేసింది ఈ బిర్లాల కంపెనీయే. విక్టర్, దాని తర్వాతి రూపమైన వీఎక్స్ వరస 1978లో బ్రిటన్‌లో ఆగిపోయాయి. ఆ పనిముట్లు, అచ్చులు కలకత్తా చేరాయి. అక్కడ కాలం తీరిన సరుకు ఇక్కడ కొత్త విలాసం కావడం ఆ దశాబ్దపు కార్ల పరిశ్రమలో మామూలు సంగతే. మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1985లో స్టాండర్డ్ 2000 తెచ్చింది. దాని బాడీ రోవర్ ఎస్‌డీ1ది. బ్రిటన్‌లో అందులో వీ8 ఇంజను కూడా వచ్చేది, ఇక్కడ పెట్టింది ఏనాటిదో రెండు లీటర్ల పాత ఇంజను. ఆ కారు 1988కే ఆగిపోయింది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు కాస్త తెలివిగా ఆలోచించారు. స్పెయిన్‌లోని సియాట్ నుంచి ఫియట్ 124 బాడీ తెచ్చి, నిస్సాన్ 1.2 లీటర్ల ఇంజను పెట్టి, 118 ఎన్‌ఈ అన్నారు. బాడీ పాతదే అయినా ఇంజనైనా జపాన్‌ది. ముగ్గురిలో ఆ లెక్క మొదట సరిగ్గా వేసింది వాళ్లే. కానీ రోడ్డుమీద తలతిప్పి చూసేలా చేసింది మాత్రం కాంటెస్సాయే.

రైసు మిల్లుల యజమానులు, కాంట్రాక్టర్లు, సినిమా నిర్మాతలు, నాయకులు దాన్ని కొన్నారు. తమిళనాడు ముఖ్యమంత్రిగా చేసిన జయలలిత ఎన్నికల అఫిడవిట్లలో చూపిన ఆస్తుల జాబితాలో 1990 మోడల్ కాంటెస్సా ఒకటి కనిపిస్తుంది. సినిమాల్లో విలన్ ఎక్కి దిగే కారుగా, పెళ్లిళ్లలో పూలదండలు కట్టిన కారుగా అది జనానికి మరింత తెలుసు.

కొన్నాక మొదటి ఎండాకాలంలో అసలు సంగతి బయటపడేది. ఏసీ అప్పట్లో విడిగా డబ్బు పెట్టి బిగించుకునే సరుకు. ఇంత పెద్ద కారు కొన్నాక ఏసీ లేకపోతే పరువేం కావాలి? పెట్టించుకునేవారు. ఏసీ కంప్రెసర్ తిరగడానికి బలం ఇంజను నుంచే రావాలి. ఉన్న యాభైలో అది దాని వాటా లాగేసుకుంటే మిగిలినదాంతో ఐదుగురిని, వాళ్ల సామానును మోయాలి. లారీని దాటాలంటే డ్రైవరు ముందు ఏసీ కట్టేసి, ఆ తర్వాత గేరు తగ్గించి, ఎదురుగా వచ్చే బండి ఎంత దూరంలో ఉందో రెండుసార్లు చూసుకునేవాడు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు అద్దాలు దించుకోవడం మామూలు. రేడియేటర్ హీటెక్కుతుందేమోనని ముల్లు మీదే కన్ను. ఆగి ఉన్న కారులో స్టీరింగు తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. పైన పటారం లోన లొటారం అని ఎకసెక్కాలాడినవాళ్లకు జవాబు చెప్పడానికి ఓనరు దగ్గర ఉన్నది ఒక్క వెనక సీటే. గుంతల రోడ్డుమీద ఆ సీట్లో కూర్చుని నిద్రపోవచ్చనే మాట మాత్రం నిజం. బరువైన బాడీ, పొడవైన వీల్‌బేస్ చేసే మేలు అది.

కంపెనీకి ఈ లోటు తెలియనిది కాదు. 1980ల చివర్లో జపాన్‌కు చెందిన ఇసుజుతో కుదుర్చుకున్న ఒప్పందంతో 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను వచ్చింది. ఇసుజులోనూ జనరల్ మోటార్స్‌కు వాటా ఉండేది, అంటే బాడీ, ఇంజను రెండూ ఒకే పెద్దింటివి. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో ఈ ఇంజను కోసం ఫ్యాక్టరీ పెట్టారు. బలం 88 హార్స్‌పవర్, ఐదు గేర్లు. కాంటెస్సా క్లాసిక్ 1.8 జీఎల్‌ఎక్స్ అని అమ్మారు. విక్టర్ బాడీకి బ్రిటన్‌లో మొదటి రోజునే దక్కిన స్థాయి ఇంజను కాంటెస్సాకు ఇప్పుడు దక్కింది. పాత 1.5 కాంటెస్సా నడిపినవాడు క్లాసిక్ స్టీరింగు పట్టుకుంటే తేడా మొదటి గేరులోనే తెలిసేది. ఆ తర్వాత ఇసుజు రెండు లీటర్ల డీజిలు ఇంజనూ వచ్చింది. పెట్రోలు కంటే డీజిలు బాగా చవకగా దొరికే రోజులు కాబట్టి దూరాలు తిరిగే ఓనర్లు అటు మళ్లారు. పికప్ మళ్లీ పాత కథే, చప్పుడు అదనం. కానీ నెల తిరిగేసరికి చేతిలో మిగిలే డబ్బు చూసి సర్దుకున్నారు.

కాంటెస్సాను మారుతి దెబ్బతీసిందని అందరూ చెప్పే మాట. అందులో కొంత నిజం ఉంది. 1990లో మారుతి 1000, 1994లో ఎస్టీమ్, 1995లో దేవూ సియెలో వచ్చాయి. ఇవన్నీ ముందు చక్రాలు నడిచే తేలిక కార్లు, పెట్రోలు తక్కువ తాగేవి, తలుపు వేస్తే చప్పుడు సన్నగా ఉండేది. కానీ దానికి ఎక్కువ నష్టం చేసింది సొంత ఇల్లే. 1990ల మొదట్లో అదే ఇసుజు 1.8 ఇంజనును అంబాసిడర్‌లో పెట్టి 1800 ఐఎస్‌జెడ్ అని అమ్మారు. ఒకప్పుడు అంబాసిడర్ ఇంజనును కాంటెస్సాకు అరువు ఇచ్చారు, ఇప్పుడు కాంటెస్సా ఇంజనును అంబాసిడర్‌కు ఇచ్చారు. రెంటి మధ్య ధరలో తేడా ఉంది, బలంలో పెద్దగా లేదు. అలాంటప్పుడు కాంటెస్సా ఎందుకు కొనాలి? 1994లో హిందుస్థాన్ మోటార్స్ జనరల్ మోటార్స్‌తో సగం సగం వాటాతో కంపెనీ పెట్టి, గుజరాత్‌లోని హలోల్‌లో ఓపెల్ ఆస్ట్రా తయారీకి దిగింది. 1998లో మద్రాసు దగ్గర తిరువళ్లూరులో మిత్సుబిషి లాన్సర్ మొదలెట్టింది. కొత్త డబ్బు ఉన్న కస్టమరు కోసం అదే సంస్థ మంచి కార్లు రెండు తెచ్చి పక్కన నిలబెట్టాక, 1972 నాటి బాడీ మీద ఇంకా ఖర్చు పెట్టేదెవరు? ఉత్తరపారాలో కాంటెస్సాకు చెప్పుకోదగ్గ మార్పు ఏదీ జరగలేదు. కొత్త పొగ నియమాలు ఒకటొకటే బిగుసుకున్నాయి. 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరైంది. 2002లో కాంటెస్సా ఆగిపోయింది.

మధ్యలో ఓనర్లకు ఇంకో చిక్కు. 1992 ఫైనాన్స్ చట్టం ప్రకారం సంపద పన్ను పడే ఆస్తుల జాబితాలో కారు కూడా ఉంది. ఇల్లు, బంగారంతో పాటు గుమ్మంలో ఉన్న కారునూ చూపించాల్సి వచ్చింది. 2015 బడ్జెట్‌లో ఆ పన్నే ఎత్తేసేదాకా అది కొనసాగింది. కంటికి ఇంత పెద్దగా కనిపించే కారు దాచుకోవడానికి వీల్లేనిది కదా!

కొత్తది ఆగిపోయాక కాంటెస్సా రెండో జీవితం షెడ్లలో మొదలైంది. ధర పడిపోయింది, మొదటి ఓనర్లు వదిలించుకున్నారు, కుర్రాళ్లు కొన్నారు. వెనక చక్రాలు నడిచే కారు, ముందు ఖాళీగా పడి ఉన్న ఇంజను గది. 1.5 ఇంజను చుట్టూ చెయ్యి కాదు, మనిషే దూరేంత చోటు ఉండేది. ఆరు సిలిండర్లకు కొలిచిన గది మరి. అందులో ఏ ఇంజను పట్టదు? ఇసుజు డీజిలు, టొయోటా డీజిలు, పెద్ద పెట్రోలు ఇంజన్లు, ఏది దొరికితే అది ఎక్కించారు. బ్రిటన్ ఇంజనీర్లు గీసిన కారును కలకత్తా కంపెనీ సగంలో వదిలేస్తే, మిగతా సగం పూర్తి చేసింది ఓనరు, అతని మెకానిక్. పవర్ స్టీరింగు, డిస్క్ బ్రేకులు, కొత్త సీటు కవర్లు, అరిచే స్టీరియో అన్నీ ఆ లెక్కలోనివే. షోరూంలో కొన్న విలాసం కంటే షెడ్డులో సంపాదించుకున్న విలాసమే ఎక్కువ.

ఇప్పుడు పాత కాంటెస్సా చూడటానికి వెళ్లే తెలివైన కొనుగోలుదారు జేబులో ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. దాన్ని గుడ్డలో చుట్టి తలుపు అడుగు అంచు వెంట జరుపుతాడు. ఇనుము ఉన్నచోట అతుక్కుంటుంది, లప్పం ఉన్నచోట జారిపోతుంది. ఆ తర్వాత డిక్కీ తెరిచి, పరచిన మ్యాటు ఎత్తి, స్టెప్నీ ఉండే గుంట చూస్తాడు. బీడింగులోంచి కారిన వాన నీరు అక్కడే చేరుతుంది, తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది. కొత్త పెయింటు తళతళ చూసి మోసపోకూడదని పాత మెకానిక్కులు చెప్పేది ఇందుకే. ఈ కారుకు ఇంజను పని కంటే టింకరింగ్ పని ఖర్చెక్కువ. ఇంజను సామాన్లు ఇంకా దొరుకుతాయి. 1.5 అయితే అంబాసిడర్ సామాన్లు అమ్మే పాత దుకాణాలున్నాయి, 1.8 కూడా అంబాసిడర్‌లో వాడినదే. దొరకనివి అంబాసిడర్‌తో సంబంధం లేనివి: ముందు అద్దం, వెనక లైట్లు, బంపర్లు, కిటికీ రబ్బర్లు. ఇంకో చచ్చిన కాంటెస్సా నుంచి ఊడబీకడం తప్ప వేరే దారి లేదు. అందుకే ఒక కారు బాగు చేయాలనుకున్నవాళ్లు రెండో కారు కూడా కొని పెరట్లో పడేసుకుంటారు.

ఉత్తరపారా ఫ్యాక్టరీ 2014 మే నెలలో మూతపడింది. 

ఇంజను మార్చిన ఓనర్లకు అసలు తలనొప్పి ఆర్టీఓ ఆఫీసులో ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలో రాసి ఉన్నదానికి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు, మార్చాలంటే అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించాలి. ఆ పని పూర్తి చేసినవాళ్లు ఉన్నారు, ‘ఎవరు చూస్తారులే’ అని వదిలేసినవాళ్లూ ఉన్నారు. 2021లో కేంద్రం వింటేజ్ కార్లకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటాలి. కారు పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి, చాసీ, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. లెక్క ప్రకారం మొట్టమొదటి కాంటెస్సాలకు ఆ అర్హత 2034లో వస్తుంది. అంతదాకా నిలిచిన కార్లలో ఇసుజు, టొయోటా ఇంజన్లు ఎక్కించి పరుగెత్తించినవి ఆ వరసలో నిలబడలేవు. పాత 1.5 ఇంజనుతో, ఏసీ కట్టేసుకుని ఘాట్ ఎక్కిన కారు మాత్రం నిలబడుతుంది.