పాత శాక్సోఫోన్ల జన్మస్థానం: ముద్రలు, రంధ్రాలు, సంఖ్యల సాక్ష్యం

శాక్సోఫోన్ సృష్టికర్త ఎవరన్న విషయంలో వివాదం లేదు. బెల్జియంలోని దినాన్‌లో 1814లో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో దీనికి పేటెంట్ పొందాడు. ఆ హక్కు 1866లో ముగిసింది. అప్పటి నుంచి ఈ వాద్యాన్ని ఎవరైనా తయారు చేసే వీలు కలిగింది. చిక్కు కూడా అక్కడే మొదలైంది. ముఖ్యంగా 1920లలో అమెరికాలో గిరాకీ విపరీతంగా పెరగడంతో, ఒక కర్మాగారంలో తయారైన వాద్యం మీద మరో వ్యాపారి పేరు చెక్కి అమ్మడం మామూలైంది. వర్తకులు వీటిని ‘స్టెన్సిల్’ వాద్యాలు అంటారు. అటువంటి వాద్యం ఏ కర్మాగారానిదో ఏ ఆధారాలతో, ఎంత నమ్మకంతో చెప్పగలం అన్నదే ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న.

1. చెక్కిన పేరు

వాద్యం విచ్చుకున్న నోటి మీద కనిపించే పేరు అమ్మినవారిది కావచ్చు, చేసినవారిది కావచ్చు. చీర పెట్టె మీది కొట్టు పేరు చూసి నేసిన మగ్గమేదో చెప్పలేనట్టే, ఈ పేరును బట్టి కర్మాగారాన్ని తేల్చలేం. వుర్లిట్జర్, లయన్ అండ్ హీలీ వంటి పెద్ద వర్తక సంస్థల పేర్లున్న శాక్సోఫోన్లలో కొన్నింటికి కాన్ సంస్థ లక్షణాలు, కొన్నింటికి బుషర్ లేదా మార్టిన్ లక్షణాలు కనిపిస్తాయి. అంటే ఒకే పేరు వెనక ఒకరికి మించిన తయారీదారులు ఉన్నారు.

ఊరి పేరు కూడా అంతంత మాత్రపు సాక్ష్యమే. కాన్, బుషర్, మార్టిన్ ముగ్గురివీ ఇండియానా రాష్ట్రంలోని ఎల్‌కార్ట్ పట్టణపు కర్మాగారాలే. పైగా వారి మూలాలు కలిసి ఉన్నాయి. అమెరికాలో తొలి శాక్సోఫోన్‌ను చేసిన ఘనత సాధారణంగా ఫెర్డినాండ్ ఆగస్ట్ బుషర్‌కు దక్కుతుంది. అప్పట్లో అతను చార్లెస్ జి. కాన్ వద్ద పనిచేసేవాడు. ఆ సంవత్సరాన్ని కొందరు 1888 అని, మరికొందరు 1889 అని రాస్తారు. అందువల్ల ‘1880ల చివర’ అనడమే క్షేమం. 1890లలో బుషర్ సొంత సంస్థ పెట్టుకున్నాడు. ఒకే ఊళ్లో, ఒకే పని వాతావరణంలో పెరిగిన సంస్థల వాద్యాలు పైకి ఒకేలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

2. వెనక వైపు సంఖ్యలు

ఎక్కువ పొరపాట్లకు తావిచ్చేది ఈ భాగమే. 1920ల నాటి కాన్ టెనర్ శాక్సోఫోన్‌ను తిప్పి, కుడి బొటనవేలి కొక్కెం ఉన్న వైపు చూస్తే ఒకదాని కింద ఒకటిగా గుర్తులు ఉంటాయి. పైన 1914 డిసెంబరు 8 తేదీ, దాని కింద 1119954, తర్వాత ‘టి’ అక్షరం, ఆ తర్వాత మరో సంఖ్య, అడుగున ‘ఎల్’. వీటిలో మొదటి రెండూ పేటెంట్ వివరాలు. వాటిని తయారీ తేదీగా, వాద్యపు క్రమసంఖ్యగా పొరబడడం తరచూ జరుగుతుంది. ‘టి’ అంటే టెనర్. ‘ఎల్’ తక్కువ శ్రుతిని, అంటే ఇప్పటి 440 హెర్ట్జ్ ప్రమాణానికి దగ్గరి శ్రుతిని, సూచిస్తుంది. అసలు క్రమసంఖ్య ఈ రెండు అక్షరాల మధ్య ఉన్నదే.

అది దొరికినా తేదీ తేలిపోయిందనుకోరాదు. వాడుకలో ఉన్న పట్టికలు సంఖ్యలను సంవత్సరాలకు స్థూలంగా మాత్రమే జతచేస్తాయి. కాన్ కర్మాగారం 1910లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది, నాటి రికార్డులూ పోయి ఉండవచ్చన్న సంగతి కూడా తొలినాటి తేదీలను జాగ్రత్తగా చూడాలని హెచ్చరిస్తుంది. పైగా స్టెన్సిల్ వాద్యాల సంఖ్యలు తయారీదారు సొంత వరుసలోనే సాగాయని ముందే అనుకోవడానికి వీల్లేదు. కాబట్టి తయారీదారును వేరే ఆధారాలతో గుర్తించకముందే పట్టిక తెరవడం తలకిందుల పద్ధతి.

3. రంధ్రాల అంచులు

పేరును చెరిపి మళ్లీ చెక్కవచ్చు గానీ, గొట్టం మీది రంధ్రాల నిర్మాణాన్ని మార్చడం తేలిక కాదు. అందుకే ఈ సాక్ష్యానికి ఎక్కువ బరువు ఇవ్వాలి. ఒక మీటను ఎత్తి, రంధ్రాన్ని మూసే ప్యాడ్ కింద ఉన్న అంచును వేలికొనతో తడిమితే మూడు రకాలు తెలుస్తాయి.

(అ) గొట్టపు ఇత్తడినే పైకి లాగి, అంచును నిటారుగా సమం చేసినవి. బుషర్ వాద్యాల్లో ఇది ప్రధానం.

(ఆ) పైకి లాగిన అంచును బయటికి మడిచినవి. వేలికి గుండ్రంగా తగులుతాయి. సుమారు 1920 నుంచి 1940ల దాకా కాన్ సొంత పేరుతో అమ్మిన వాద్యాలకు ఇది గుర్తు.

(ఇ) విడిగా చేసిన కంకణాన్ని గొట్టానికి మాటు వేసి అతికినవి. అడుగున అతుకు గీత కనిపిస్తుంది, పై అంచు ఏటవాలుగా సన్నబడుతుంది. ఇది మార్టిన్ పద్ధతి.

ఇక్కడా రెండు మినహాయింపులున్నాయి. కాన్ చేసిన స్టెన్సిళ్లలో చాలావాటికి మడిచిన అంచులు లేవు. కనుక అవి లేనంత మాత్రాన కాన్‌ను తోసిపుచ్చలేం. మరోవైపు, మడిచిన అంచులు యూరప్‌లో కైల్వర్త్ సంస్థ వాద్యాల్లోనూ కనిపిస్తాయి; కనుక అవి ఉన్నంత మాత్రాన కాన్‌ అని నిర్ధారించలేం.

4. ప్యాడ్లు

1920ల బుషర్ వాద్యాల్లో ప్యాడ్‌ను జిగురుతో అంటించకుండా, మీట గిన్నె మధ్యలోని చిన్న మొనకు లోహపు బొత్తాం నొక్కి బిగించేవారు. ఆ మొన ఉంటే బుషర్‌ వైపు బలమైన ఆధారం. లేకపోతే మాత్రం ఏమీ తేలదు. మరమ్మతుల్లో చాలాచోట్ల వాటిని కోసేశారు. ఉన్నదానికీ లేనిదానికీ సమానమైన విలువ ఇవ్వకపోవడం ఈ పరిశోధనలో ముఖ్య నియమం.

5. దేశం పేరు

యూరప్ వాద్యాలకు దేశం ముద్ర తేదీని కూడా సూచించవచ్చు. జూలియస్ కైల్వర్త్ 1925లో సంస్థ స్థాపించిన గ్రాస్‌లిట్స్ పట్టణం 1918 దాకా ఆస్ట్రియా-హంగరీలో, తర్వాత చెకోస్లోవేకియాలో, 1938 నుంచి 1945 దాకా జర్మనీ ఏలుబడిలో ఉంది. ఆపైన మళ్లీ చెకోస్లోవేకియాలో క్రాస్లిసె పేరుతో అమతి అనే వాద్యాల తయారీ సంస్థకు కేంద్రమైంది. జర్మన్ జనాన్ని అక్కడి నుంచి వెళ్లగొట్టాక కైల్వర్త్ పశ్చిమ జర్మనీలోని నౌహైమ్‌లో పని మొదలుపెట్టింది. అందువల్ల ఒకే నిర్మాణ శైలి మీద రెండు దేశాల పేర్లు కనిపిస్తే అది నకలు అని తొందరపడరాదు. చేతులు అవే, ఊరు మారి ఉండవచ్చు.

6. చేతులు మారిన సంస్థలు

‘బండీ’ అనే వ్యాపార పేరు ఇందుకు ఉదాహరణ. అమెరికాలోని సెల్మర్ సంస్థ 1963లో బుషర్‌ను కొన్న తర్వాత వచ్చిన బండీ వాద్యాలు బుషర్ నమూనాను అనుసరించాయి. అంతకుముందు అదే పేరుతో యూరప్‌లో తయారైనవీ అమ్ముడయ్యాయి. పేరు ఒకటే అయినా కాలాన్ని బట్టి జన్మస్థానం వేరు.

నిర్ధారణ

పై ఆధారాలను బట్టి మూడు స్థాయిలు సూచించవచ్చు. రంధ్రాల నిర్మాణం, ప్యాడ్ బిగింపు, పేటెంట్ ముద్ర వంటి పరస్పరం ఆధారపడని సాక్ష్యాలు కనీసం రెండు ఒకే కర్మాగారాన్ని చూపితే ‘దాదాపు నిశ్చితం’. ఒక్క నిర్మాణ సాక్ష్యమే ఉంటే ‘సంభావ్యం’. పేరు, క్రమసంఖ్య మాత్రమే ఉంటే ‘అనిశ్చితం’. సేకర్తలు, మ్యూజియంలు వాద్యాన్ని నమోదు చేసేటప్పుడు తయారీదారు పేరుతో పాటు ఈ స్థాయిని, దానికి కారణమైన గుర్తులను కూడా రాయడం అవసరం. గట్టి ఆధారం లేని పేరు ఒకసారి జాబితాకెక్కితే తర్వాతివారు దాన్నే ఆధారంగా తీసుకుంటారు. స్టెన్సిల్ వాద్యం మీద తమ పేరు వేసుకునే అవకాశం కూడా లేని పనివారికి వారి పనిని తిరిగి అప్పగించే ప్రయత్నమిది. అందులో తొందరపాటు మరో అన్యాయమే అవుతుంది.