అక్షరాభ్యాసమునకు ఐదవ ఏడు: శిశుక్రీడ, శిశుశిక్షల చరిత్ర

పసిబిడ్డకు మొదట ఆటయా, అక్షరమా అను వివాదము నేడు తల్లిదండ్రుల సంభాషణలలో విస్తారముగా వినవచ్చుచున్నది. ఇది పాశ్చాత్యదేశములనుండి వచ్చిన క్రొత్త చర్చ యని కొందరును, మన పూర్వులు మాటలు వచ్చిన నాటినుండియే బిడ్డలను చదువునకు కూర్చుండబెట్టిరని మరికొందరును తలచుచుందురు. చరిత్రను పరిశీలించినచో రెండు అభిప్రాయములును నిలువవు.

గృహ్యసూత్రములు జాతకర్మ, నామకరణము, అన్నప్రాశనము, చౌలము, ఉపనయనము మొదలగు సంస్కారములను విధించినవి. అక్షరాభ్యాసమను పేర ప్రత్యేకసంస్కారము వానిలో కానరాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున రాజపుత్రునకు చౌలమైన పిదప లిపిని, సంఖ్యానమును నేర్పవలెనని చెప్పి, త్రయిని, ఆన్వీక్షకిని ఉపనయనానంతరమునకు ఉంచెను. కాళిదాసును రఘువంశము మూడవ సర్గమున రఘువు విద్యను ఈ క్రమముననే వర్ణించెను. పిదప అపరార్కుడు, స్మృతిచంద్రికాకర్త మొదలగు నిబంధకారులు మార్కండేయపురాణవచనములను ఉదాహరించి విద్యారంభమునకు ఐదవ సంవత్సరమును నిర్ణయించిరి. హరిశయనకాలము, రిక్తతిథులు, శని మంగళవారములు వర్జ్యములని వారే తెలిపిరి. క్రీ.శ. 1600లో కాశీయందు రామదైవజ్ఞుడు రచించిన ముహూర్తచింతామణియు ఐదవ ఏటినే చెప్పుచున్నది. ఐదవ యేడనగా నాలుగు నిండి ఐదు నడుచుచున్న కాలము.

అంతకు ముందు బిడ్డకు విద్య లేదా? పుష్కలముగా కలదు, దానికి విద్య యను పేరు మాత్రము లేదు. చింతపిక్కలతోను గవ్వలతోను లెక్క వచ్చెను. వామనగుంటలలో పంపకము వచ్చెను. గుజ్జనగూళ్ళలో ఇల్లు నడపుట, దాగుడుమూతలలో ఓర్పు, అమ్మమ్మ కథలలో భాష వచ్చెను. చాణక్యనీతి ఐదేండ్ల వరకు లాలనమును, పిదప పదియేండ్లు తాడనమును, పదునారవ ఏట మైత్రిని విధించినదని అందరు ఎరుగుదురు. అయితే లోకము ఆ శ్లోకమున తాడనమును జ్ఞాపకముంచుకొన్నంతగా దానికి ముందున్న ఐదేండ్ల లాలనమును జ్ఞాపకముంచుకొనలేదు.

ఐదు నిండిన బిడ్డ బడిలో ఏమి చేసెను? దీనికి తెలుగునాట మిక్కిలి స్పష్టమైన సాక్ష్యమొకటి కలదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయపాఠశాలల స్థితిని విచారింపుడని జిల్లా కలెక్టర్లను ఆజ్ఞాపించెను. తెలుగు, కన్నడములు రెండును వ్యవహారమున నున్న బళ్ళారి జిల్లాకు నాడు కలెక్టరు ఎ. డి. క్యాంబెల్; ఇతడు తెలుగునకు వ్యాకరణము వ్రాసిన ఆంగ్లేయుడు. 1823 ఆగస్టులో ఇతడు పంపిన నివేదికలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు లెక్కకు వచ్చిరి. బాలునకు ఐదేండ్లు రాగానే ఉపాధ్యాయుని, బడిపిల్లలను ఇంటికి పిలిచి, విఘ్నేశ్వరుని ప్రతిమ చుట్టును వలయముగా కూర్చుండబెట్టి, బాలుని స్వామికి ఎదురుగా ఉంచి, అతని వ్రేలు పట్టి బియ్యములో దేవతానామమును వ్రాయించుచుండిరని అందు కలదు. మరునాటినుండి బడి ఆరంభము.

ఆ బడిలో తొలిపని నేలపై ఇసుకలో వ్రేలితో అక్షరములు వ్రాయుట. ఐరోపాలోవలె వర్ణమాలను నోట వల్లించుట మొదట లేదని క్యాంబెల్ ప్రత్యేకముగా పేర్కొనెను. తెలుగువారు దీనినే గుంట ఓనమాలు దిద్దుట యందురు. గురువు ఇసుకలో గీచిన గాడివెంట బాలుని వ్రేలు పదేపదే నడచును. అక్షరము కంటికంటె ముందుగా చేతికి తెలియును. ఓనమాలు అను పదమే శివనమస్కారమునుండి పుట్టినది గదా. వ్రేలు చక్కగా తిరిగిన పిదపనే గంటము, తాటాకు, కాగితము చేతికి వచ్చుచుండినవి.

ఈ బడి స్వర్గధామమని చెప్పుట అసత్యము. తెల్లవారి ఆరు గంటలకే బడి తెరచెడివారు. అందరికంటె ముందు వచ్చినవాని అరచేత సరస్వతీనామము, రెండవవాని చేత సున్న. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆపైన వరుసగా ఒక్కొక్కటి హెచ్చు. చదువని వానిని రెండు చేతులు కట్టి దూలమునకు వ్రేలాడదీయుటయు, కూర్చుండి లేచుచుండ నియమించుటయు ఆ నివేదికలో ఉన్నవి. మన పెద్దలకు కోదండము, గుంజీళ్ళు అనినచో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ 6,641 మందిలో బాలికలు కేవలము 60 మంది. వీధిబడిని స్తుతించు వారు ఈ అంకెను దాటిపోరాదు.

ఇసుకలో వ్రాయు పద్ధతి మాత్రము సముద్రము దాటినది. మద్రాసు ఎగుమూరులో సైనికుల అనాథశాలకు అధికారిగానుండిన ఆండ్రూ బెల్ దేశీయబాలురు ఇసుకలో వ్రాయుచుండుట చూచి, దానిని తన శాలలో ప్రవేశపెట్టి, పెద్ద విద్యార్థులచే చిన్నవారికి చెప్పించు రీతితో కలిపి 1797లో లండనునందు పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండులో అది మద్రాసు పద్ధతిగా ప్రసిద్ధమైనది. ఆ విధానము అనుకరణార్హమైనదే యని క్యాంబెల్ కూడ ఒప్పుకొనెను.

ఐరోపాయందు క్రీడాపక్షమునకు ప్రథమాచార్యుడు జర్మనుదేశీయుడైన ఫ్రోబెల్. ఇతడు క్రైస్తవబోధకుని కుమారుడు. సర్వవస్తువులయందును ఒకే దైవికమైన ఏకత్వము కలదనియు, బిడ్డ ఆటలో దానిని స్పృశించుననియు ఇతని విశ్వాసము. 1837లో శిశుశాలను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా శిశూద్యానము, అని పేరిడెను. గోళము, ఘనము, స్తంభాకృతి మొదలగు చెక్కవస్తువులే అందు ఆటవస్తువులు. 1851లో ప్రష్యా ప్రభుత్వము ఈ శాలలను నాస్తికత్వమునకు, సామ్యవాదమునకు నిలయములని శంకించి నిషేధించినది. మరుసటి ఏడే ఫ్రోబెల్ మరణించెను. నిషేధము 1860 వరకు తొలగలేదు. బిడ్డల ఆటకు ఒక రాజ్యము భయపడిన సందర్భమిది.

మన దేశమున ఈ భావమునకు మొదటి బలము గుజరాతున కలిగినది. భావనగరమున దక్షిణామూర్తి పేర వెలసిన విద్యాసంస్థలో, న్యాయవాదవృత్తిని విడిచిన గిజుభాయి బధేకా 1920లో బాలమందిరమును తెరచెను. మౌనముచే బోధించిన దేవుని పేరుగల సంస్థలో బిడ్డలను కొట్టని బడి పుట్టుట సముచితము. పిల్లలు అతనిని మీసాల తల్లి యని పిలిచిరి. అతడు 1939లో పరమపదించెను. అదే ఏట ఇటలీదేశీయురాలు మరియా మాంటిసోరి దివ్యజ్ఞానసమాజము ఆహ్వానమున అడయారునకు వచ్చి, యుద్ధము ముగియువరకు ఈ దేశముననే నిలిచి ఉపాధ్యాయులను తయారుచేసినది. ఆమె 1907లో రోమునగరమున తెరచిన శిశుగృహములో బిడ్డలు గరుకుకాగితముతో చేసిన అక్షరములపై వ్రేలు నడుపుచుండిరి. చదువుటకంటె వ్రాయుటయే ముందు. ఆమె ఈ మార్గమును ఫ్రెంచి వైద్యులైన ఇటార్, సెగ్యాఁల గ్రంథములనుండి పెంపొందించినది, వీధిబడినుండి కాదు. అయినను గుంట ఓనమాలు ఎరిగినవారికి ఆ గరుకుకాగితము అపరిచితమనిపింపదు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. మాంటిసోరి బిడ్డ చేయుదానిని ఆట యనలేదు, పని యనినది. ఫ్రోబెల్ ఆట యనెను. మరి మన శాస్త్రము ఆటను ఎట్లు నిర్వచించినది? బ్రహ్మసూత్రములలో రెండవ అధ్యాయము మొదటి పాదమున, ఆప్తకాముడగు ఈశ్వరునకు సృష్టివలన ప్రయోజనమేమి యను ఆక్షేపమునకు సమాధానముగా లీలాశబ్దము వచ్చినది. భగవత్పాదులు అచ్చట రెండు దృష్టాంతములు చూపిరి: కోరికలన్నియు తీరిన రాజు విహారము, బాహ్యప్రయోజనమును ఉద్దేశింపక స్వభావమువలననే సాగు శ్వాస. ఫలాపేక్ష లేనిదే లీల. ఈ లక్షణమును బిడ్డ ఆటకు అన్వయించినచో, ఆట నెపమున అక్షరము మ్రింగించుట లీల కాదు. అది తేనె పూసిన ఔషధము. ఔషధము చెడ్డదని కాదు, కాని దానిని ఆట యని పిలువరాదు. పూర్వులు రెండింటిని కలపక, లీలకు ఐదేండ్లు పూర్తిగా విడిచి, పిదప అక్షరమును అక్షరముగానే, దేవతాసాక్షికముగా ఇచ్చిరి.

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున జరిగినది విచిత్రము. ఫ్రోబెల్ పెట్టిన పేరు తెలుగు పట్టణములకు ఎల్.కె.జి., యు.కె.జి. యను పొడి అక్షరములై వచ్చినది. ఉద్యానమను అర్థము అందులో ఎవరికిని వినబడలేదు. మూడేండ్ల బిడ్డకు పలక, పుస్తకము, ఇంటిపని, పరీక్ష వచ్చినవి. వీధిబడి ఐదేండ్లకు ఆరంభించిన దానిని, అందలి ఇసుకను విడిచి, శిక్షను మిగిల్చి, రెండేండ్లు ముందునకు జరిపినట్లయినది. 1993లో యశ్‌పాల్ సంఘము బడిభారమును విచారించుచు నర్సరీ ప్రవేశపరీక్షలను రద్దు చేయవలెనని సూచించెను. 2009 విద్యాహక్కుచట్టము ప్రవేశవేళ బిడ్డను గాని తల్లిదండ్రులను గాని పరీక్షించుటను నిషేధించెను. 2020 జాతీయవిద్యావిధానము మూడవ ఏటినుండి ఎనిమిదవ ఏటివరకు గల కాలమును ఒక్క పునాదిదశగా గ్రహించి, అందు ఆటకు ప్రాధాన్యమిచ్చెను.

బడిప్రవేశము మూడవ ఏటికి జరుగగా, సంస్కారమును దానివెంట నడచినది. బాసరలోను, ఊరూర గల ఆలయములలోను అక్షరాభ్యాసమునకు వచ్చు బిడ్డలలో అనేకులు మూడేండ్లవారు; వ్రేలు పట్టి బియ్యములో దిద్దించుచుండగా నిద్రపోవు వారును కలరు. తల్లిదండ్రులు పంచాంగము చూపించుకొందురు. రిక్తతిథి కాకుండ చూతురు, మంగళవారమును తప్పింతురు, నక్షత్రము కుదురువరకు వేచియుందురు. నిబంధకారులు ఆ తిథివారములన్నింటికంటె ముందుగా వ్రాసిన సంవత్సరమును మాత్రము ఎవరును అడుగరు.