సూది నుంచి నాలుక కిందికి

పరుపు దులిపితే చాలు, వరసగా తుమ్మే పిల్లలు మన ఇళ్ళలో ఉంటారు. “వాడికి దుమ్ము పడదు” అని చెప్పి ఊరుకుంటాం. ఈ పడకపోవడాన్నే డాక్టర్లు ఎలర్జీ అంటారు. దీనికి నాలుక కింద మందు ఉంచి చేసే వైద్యం ఒకటుంది. దాని చరిత్ర తెలిస్తే, దాన్ని ఎలా వాడుకోవాలో కూడా తెలుస్తుంది.

ఇంగ్లండులో మాంచెస్టరు డాక్టరు చార్లెస్ బ్లాక్లీకి ఏటా వేసవిలో తుమ్ములు పట్టుకునేవి. ఆయన గడ్డిపూల పుప్పొడిని తన మీదే ప్రయోగించుకుని, కారణం అదేనని 1873లో పుస్తకం ప్రకటించారు. 1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రికి చెందిన లెనార్డ్ నూన్, ఆ పుప్పొడి సారాన్నే అతి కొద్దిగా సూదితో ఎక్కించి, మోతాదు క్రమంగా పెంచారు. ఇనుమును ఇనుమే కోస్తుందని ఉర్దూలో సామెత కదా! నూన్ 1913లోనే కన్నుమూసినా, సహచరుడు జాన్ ఫ్రీమన్ ఆ పని కొనసాగించారు.

సూది పని చేసింది. కానీ ఒక్కోసారి ఊపిరాడక ప్రాణం మీదికి వచ్చేది. బ్రిటనులో 1957 నుంచి 26 మంది మరణించారని తేలడంతో, 1986లో అక్కడి ఔషధ భద్రతా సంఘం ఈ సూదులపై గట్టి ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది అక్కడి వైద్యులు స్కాడింగ్, బ్రాస్టాఫ్ దుమ్ము పురుగు మందును నాలుక కింద ఉంచి చూసి, మేలు కనిపించిందని ప్రకటించారు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రం ఈ పద్ధతిని గుర్తించింది. అమెరికాలో పుప్పొడి మాత్రలకు 2014లో, దుమ్ము పురుగు మాత్రకు పెద్దల కోసం 2017లో అనుమతి వచ్చింది. అదే మాత్రను అయిదేళ్ళ పిల్లల నుంచి వాడవచ్చని 2025లో ఒప్పుకున్నారు.

నాలుక కింది పొరలోని కణాలు మందును అందుకుని, “ఇది శత్రువు కాదు” అని ఒంటికి నేర్పుతాయి. మేము బడిలో అలిఫ్, బే నేర్పినట్టే, రోజూ కొంచెం కొంచెంగా. చదువు ఒక్క రోజులో రాదు, ఇదీ అంతే. సాధారణంగా మూడేళ్ళు పడుతుంది. నాలుగు నెలలకే మానేసి, “పని చేయలేదు” అనే తల్లిదండ్రులను మేమెరుగుదుం.

మొదటి మోతాదు డాక్టరు ఎదుటే వేసుకోవాలి. నోట్లో దురద మామూలే. ఊపిరి బిగిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఉబ్బసం అదుపులో లేనివారికి ఇది తగదు. సూది భయం తగ్గిందే గాని, డాక్టరు అవసరం తీరలేదు. ఎందరో ప్రాణాలు పోయాక నేర్చుకున్న పాఠమిది. మన పిల్లల విషయంలో దీన్ని మరవకుందాం.