వెలగిరి స్తంభములు

నందిగామనుండి జగ్గయ్యపేటకు సుమారు 30 కిలోమీటర్లు. బస్సులో కూర్చున్నవారికి అది ఒక కునుకు తీయునంత దూరము. మాకు చిన్ననాటినుండి రెండు పిచ్చులు కలవు: పాతరాళ్లను వెదకుచు ఊళ్లు తిరుగుట ఒకటి, తెల్లవారుజామున పరుగెత్తుట రెండవది. రెంటికిని ఒకేనాడు తీరిక చిక్కినందున, ఆ దూరమును కొంత పరుగునను, కొంత నడకను దాటవలెనని ఒక మార్గశిరమాసమున నందిగామలో చీకటితోనే బయలుదేరితిమి. వ్రాతయే జీవనముగా గలిగి, ఏ కచేరీకిని జవాబుదారులము కాకుండుటలో ఉన్న సుఖము ఇది. వేరొక సుఖము మాత్రము ఆ వృత్తిలో వెదకరాదు.

కృష్ణాజిల్లా మెట్టసీమ యని పెద్దలు పిలుచుచు వచ్చిన ఈ ప్రాంతము 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. పేరు మారినను నేల మారలేదు. ప్రత్తి, మిరప పండు నల్లరేగడి. నడుమ నడుమ సున్నపురాతి గుట్టలు. నేడు సిమెంటు కర్మాగారములకు మేతయగుచున్న ఆ రాతిజాతియే పూర్వము బౌద్ధస్తూపములకు పలకలైనది.

బాటయు పాతదే. బందరు రేవును గోలకొండతో కలిపిన దారులకు వారసురాలు ఇది. పదునేడవ శతాబ్దిలో వజ్రముల వ్యాపారి టావెర్నియే గోలకొండకును మచిలీపట్టణమునకును నడుమనున్న మజిలీలను తన గ్రంథమున లెక్కించి వ్రాసెను. రైళ్లు రాకమునుపు ఇట్టి రహదారులమీదనే కాలిబంట్లు తపాలా సంచులు మోసి పరుగెత్తిరి. వారి వృత్తి కుంఫిణీవారు కనిపెట్టినది కాదు. పదునాలుగవ శతాబ్దిలో ఇబ్నుబతూతా ఢిల్లీ సుల్తాను అంచెబంట్లను చూచి, వారిచేతి కర్రకు రాగిగంటలుండెననియు, సింధునుండి ఢిల్లీకి ఏబది దినముల ప్రయాణమైనను తపాలా అయిదు దినములలో చేరెడిదనియు వ్రాసెను. 1774లో వారన్ హేస్టింగ్సు తపాలాను ప్రజలకు తెరచెను. 1786లో చెన్నపట్టణమున పెద్ద తపాలా కచేరి వెలసెను. బంటు ఏడెనిమిది మైళ్లు పరుగెత్తి సంచిని వేరొకనికి అందించెడివాడు. రాత్రివేళ దివిటీవాడును, అడవిలో డప్పువాడును తోడుగా నడిచెడివారు.

అంచె అంతకు మించకుండుటలోని మర్మము పదిమైళ్లు ముగియక మునుపే మా మోకాళ్లు మాకు బోధించినవి. చిల్లకల్లు చేరునప్పటికి పరుగు మాట మరచితిమి. నడుచుచు ఒక సంగతి తలపోసితిమి. ఇన్ని వందలయేండ్లు ఇన్ని వేలమంది పరుగెత్తిరిగదా, వారిలో ఒక్కని పేరైనను మనము చెప్పగలమా? ఎవరి ఉత్తరము ఎవరికి చేరెనో చరిత్రకారులు చెప్పగలరు; మోసినవాని నెవరును అడుగలేదు.

జగ్గయ్యపేట పూర్వనామము బేతవోలు. అమరావతి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి జగ్గయ్య పేర ఈ పేటను కట్టించెను. ఊరి చేరువనున్న ధనబోడు అను గుట్టమీది స్తూపమును 1882లో బర్జెస్ దొర త్రవ్వించెను. అప్పటికే అనేక శిలలు తరలిపోయినవి. మిగిలినవాటిలో మాంధాత చక్రవర్తి పలక ప్రసిద్ధము. రాజు చేయెత్తగా మేఘములనుండి నాణెములు రాలుచుండును. ఆ పలక ఇపుడు చెన్నపట్టణపు మ్యూజియమున కలదు.

మేము వెదకికొని వచ్చినది చక్రవర్తిని కాదు. స్తూపపు తూర్పువాకిట నిలిచిన అయిదు ఆయకస్తంభముల శాసనమును. భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి, తోకలు సాగదీసిన సొగసైన వ్రాత. ఇక్ష్వాకురాజు మాఠరీపుత్ర వీరపురుషదత్తుని ఇరువదవ యేట, వానకాలపు ఎనిమిదవ పక్షమున, పదవదినమున ఇవి నిలుపబడినవి. అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్ది. నిలిపినవాడు రాజు కాడు, సెట్టి కాడు. సిద్ధార్థుడను పనివాడు, శిల్పుల మేస్త్రీ. కమ్మకరాష్ట్రమున నడతూరువాసి నాగచంద్రుడను మేస్త్రీ కొడుకు. తాను కాపురమున్నది మహాకండురూరు. దానమిచ్చినది వెలగిరి గ్రామమున. మూడు పేర్లు, మూడు ఊళ్లు! పని ఎచ్చట దొరకిన అచ్చటికి పోయిన కుటుంబమని మా ఊహ.

తల్లి నాగిలానిని ముందిడికొని, తరువాత భార్య సముద్రానిని, కొడుకు మూలశ్రీని, కూతురు నాగబుద్ధనికను, తమ్ముడో అన్నయో తెలియని బుద్ధినాకుని, అతని భార్య కనికను, వారి బిడ్డలు నాగశ్రీ, చంద్రశ్రీ, సిద్ధార్థనికలను పేరుపేరున చెప్పెను. ఆ చిట్టిపిల్లకు పెట్టినది మన మేస్త్రీ పేరే. తండ్రిపేరు పరిచయమునకే వచ్చినది గాని దాతల వరుసలో లేదు, అప్పటికే గతించియుండును. రాజు పేరును కాలనిర్ణయమునకు వాడుకొని, పలకంతయు ఇంటివారితో నింపిన ఈ మనుష్యుడు మాకు మిక్కిలి నచ్చెను.

శిలలు తరలినను, ఆ పేర్లను కాగితముమీద వ్రాసికొని గుట్ట యెక్కితిమి. తూర్పువాకిలి ఉండినచోట నిలిచి పదునొకండు పేర్లను పైకి చదివితిమి. ప్రక్కన మేకలు కాచుకొనుచున్న ముసలాయన మా పఠనము ముగియువరకు ఓపికతో విని, "మీ చుట్టాలా బాబూ?" అని అడిగెను.

బదులేమియు తోచక, బస్సుల స్టాండునకు దారి యేదని అడిగితిమి.