తీగె కొసన అతుకు

టెలివిజను పెట్టె వెనుకభాగమునగాని, మేడమీది డిష్ అడుగునగాని చేయిపెట్టి చూచినవారికి పెన్సిలంత లావుగల నల్లని తీగె యొకటి, దాని కొసన వ్రేలి గోరంత లోహపు టోపీ యొకటి తగులును. తీగెను గూర్చి చెప్పువారు కలరు. టోపీని గూర్చి చెప్పువారు అరుదు. బొమ్మ చెదరినప్పుడు ఇంటివారు పెట్టెను తట్టుదురు, వానను నిందింతురు, కేబులు అబ్బాయికి కబురంపుదురు. తప్పు మాత్రము తరచుగా ఆ టోపీలోనే యుండును. మేము చెప్పదలచినది దాని చరిత్ర. తీగె చరిత్ర లేక అది బోధపడదు గనుక తీగెతోనే ఆరంభింతము.

దీనిని కోయాక్సియల్ కేబులందురు. నడుమ ఒక లోహపు తీగె. దానిచుట్టు తెల్లని పాలిథీన్. ఆపైన అల్యూమినియపు రేకు, జడవలె అల్లిన సన్నని పోగులు. అన్నింటికి వెలుపల నల్లని తొడుగు. నడిమి తీగెయు, పై అల్లికయు రెండును విద్యుత్తును మోయునవే. రెంటికిని ఇరుసు ఒక్కటే యగుటచే ఆ పేరు వచ్చెను. సంకేతము ఈ రెంటి నడుమ, ఆ తెల్లని పొరలో, ప్రయాణము చేయును. లోపలిది వెలికి పోదు. వెలుపలి రొద లోనికి రాదు.

అతుకుల కథ మాత్రము ఈ పేరు పుట్టుటకు ముందే, నడిసముద్రమున మొదలయ్యెను. 1858 జూలై 29వ తేదీన అట్లాంటిక్ మహాసముద్రము నడుమ రెండు నౌకలు కలిసికొనెను. ఒకటి బ్రిటిషువారి అగమెమ్నాన్, రెండవది అమెరికావారి నయాగరా. ఒక్కొక్క నౌకలో సగము కేబులు చుట్టి యుండెను. రెండు కొసలను అతికి నీట విడిచి, ఒక నౌక ఐర్లండు దిక్కునకును, మరియొకటి న్యూఫౌండ్లండు దిక్కునకును తీగె వదలుచు పోవలెను. చిక్కు అతుకులోనే వచ్చెను. ఆ కేబులులో సగము గ్రీనిచ్‌లోను, సగము బర్కెన్‌హెడ్‌లోను తయారయ్యెను. కవచముగా చుట్టిన ఇనుపతీగెలను ఒక కార్ఖానావారు ఒకవైపునకు పేనిరి. రెండవవారు దానికి ఎదురువైపునకు పేనిరి. మోకులు పేనిన మన పల్లెవారికి దీని ఫలితము వేరుగ చెప్పనక్కరలేదు. ఎదురు పేట్లుగల రెండు త్రాళ్ళను ముడివేసి బరువు వ్రేలాడదీసినచో, రెండును ఒకదాని నొకటి విప్పుకొనసాగును. అందుచే ఆ అతుకు తిరుగకుండ కొయ్యచట్రమున బిగించి సముద్రములోనికి దించవలసి వచ్చెను. లక్షల పౌనుల వ్యయముతో, ఇరుదేశముల నౌకాబలముల సాయముతో జరిగిన మహాకార్యమున, తీగె ఏ దిక్కునకు పేనవలెనో ఇద్దరు తయారీదారులకు ముందుగా ఒక మాట చెప్పువాడు లేకపోయెను!

అతుకు నిలిచెను. ఆగస్టు 5న రెండు కొసలును ఒడ్డు చేరెను. ఆ నెల 16న విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడు బుకానన్‌కు పంపిన 98 మాటల సందేశము చేరుటకు సుమారు 16 గంటలు పట్టెను. అయినను ఉత్సాహమునకు కొదువ లేదు. న్యూయార్కులో బాణసంచా నిప్పురవ్వలకు నగరమందిరపు గోపురమే అంటుకొనెను. మూడు వారములు గడచునప్పటికి కేబులు మూగపోయెను. తయారీలోను, నిల్వలోను జరిగిన అజాగ్రత్త అదివరకే దానిని బలహీనపరచి యుండెను. వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను విద్యుత్ నిర్వాహకుడు, సంకేతము మందగించినకొలది వోల్టేజి పెంచుచు సుమారు రెండువేల వోల్టులవరకు ఎక్కించి, మిగిలిన ప్రాణమును తీసెను. 1866లో గ్రేట్ ఈస్టర్న్ నౌక క్రొత్త కేబులు వేయుటయేగాక, అంతకుముందటేడు నడిదారిలో తెగి మునిగిన కేబులును గాలముతో పైకి లాగి, దాని కొసను అతికి, పూర్తిచేసెను. రెండుమైళ్ళకు పైగా లోతుననున్న తీగెకొసను వెదకి పట్టుకొనుట ఆ కాలపు సాహసములలో ఎన్నదగినదని మా అభిప్రాయము.

ఒక విశేషము. ఆ సముద్రపు కేబులులో నడుమ రాగి, చుట్టు గట్టాపెర్చా అను చెట్టుపాలతో చేసిన పొర, దానిపై ఇనుపకవచము, ఉప్పునీరు కలవు. ఎవరును ఉద్దేశింపకయే అది ఇంచుమించు కోయాక్సియల్ రూపమున నుండెను. తెలిసి ఆ రూపమును కోరినవాడు వేరొకడు.

ఆలివర్ హెవిసైడ్ 1850లో లండనులో జన్మించెను. చిన్నతనమున వచ్చిన జ్వరము అతని వినికిడిని దెబ్బతీసెను. తంతివిద్యలో పేరుపొందిన చార్లెస్ వీట్‌స్టన్ అతని తల్లి తోబుట్టువునకు భర్త. హెవిసైడ్ కళాశాల మెట్టెక్కలేదు. డెన్మార్కుకు పోవు సముద్రపు తంతి సంస్థలో కొంతకాలము పనిచేసి, 24వ యేట, 1874లో ఉద్యోగము మాని తల్లిదండ్రుల యింట ఒక గదిలో గణితము చేయుచు కూర్చుండెను. 1880లో అతడొక పేటెంటు పొందెను. ప్రక్కప్రక్కన పోవు తీగెలలో ఒకదాని మాట మరియొకదానిలో వినబడకుండ, ఒక వాహకమును గొట్టమువంటి మరియొక వాహకములో నుంచవలెనని దాని సారాంశము. మన నల్లతీగెకు జాతకము అదియే. దానివలన అతనికి సొమ్ము రాలేదు. కాలమింకను రాలేదు, మాట మోయుటకు జంటతీగె చాలుచున్న దినములవి.

మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత సిద్ధాంతమును నేటి విద్యార్థులు చదువు నాలుగు సమీకరణములుగా కుదించినవాడును హెవిసైడే. 1887లో, తీగెలకు తగిన ప్రేరకత్వమును చేర్చినచో దూరపు టెలిఫోను మాట చెదరదని అతడు సూచించెను. తంతిశాఖలో పెద్దపదవిలోనున్న విలియం ప్రీస్ దానిని అంగీకరింపకపోవుటయేగాక, ఆ వ్యాసములు వెలువడుటకును అడ్డుపడెను. ఈ విషయమున దోషమంతయు ప్రీస్‌దేయని వ్రాయుట పరిపాటి. హెవిసైడ్ కలమును తక్కువ పదునుగలది కాదు. ఎదుటివానిని ఎగతాళి చేయకుండ ఒక పుట పూర్తిచేయుట అతనికి కష్టముగా నుండెడిది. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వము వచ్చెను. 1922లో ఫారడే పతకమును మొట్టమొదట అందుకొన్నవాడతడే. 1925లో టార్కీ పట్టణమున ఒంటరిగా మరణించెను.

అతని తీగెకు పని దొరకుటకు అర్ధశతాబ్దము పట్టెను. 1929లో బెల్ సంస్థకు చెందిన లాయిడ్ ఎస్పెన్‌షీడ్, హెర్మన్ ఆఫెల్ అను ఇద్దరు, ఒకే తీగెపై వందల మాటలను, టెలివిజను బొమ్మలను గూడ పంపవచ్చునని పేటెంటు కోరిరి. 1936లో న్యూయార్కు, ఫిలడెల్ఫియాల నడుమ ప్రయోగాత్మకమైన కేబులు వేసిరి. నడిమి తీగెను ఇరుసుమీద నిలుపుటకు లోపల బిళ్ళలు గ్రుచ్చి, తక్కిన చోటు గాలికి వదలుట ఆనాటి పద్ధతి. 1933లో ఇంగ్లండులోని విన్నింగ్టన్‌లో ఫాసెట్, గిబ్సన్ అను రసాయనికులకు, వారు వెదకని వస్తువొకటి పాత్ర అడుగున తెల్లని మైనమువలె దొరకెను. అదియే పాలిథీన్. నేడు కూరగాయల సంచిగా మనము చీదరించుకొనుచున్న ఆ పదార్థమే యుద్ధకాలమున రాడార్ కేబులులకు ప్రాణమయ్యెను. 1956 సెప్టెంబరు 25న స్కాట్లండు, న్యూఫౌండ్లండుల నడుమ ప్రారంభమైన మొదటి అట్లాంటిక్ టెలిఫోను కేబులు పాలిథీన్ కోయాక్సియలే. 36 మాటలకు దారి. పోవుటకొకటి, వచ్చుటకొకటిగా రెండు తీగెలు. ఒక్కొక్కదానిలో 51 శబ్దవర్ధకములు. ఇరువదిరెండు సంవత్సరములు పనిచేసి 1978లో విశ్రమించెను.

ఇంతవరకు తీగె. ఇక కొస.

పౌనఃపున్యము హెచ్చినకొలది అతుకు కష్టమగును. ఇంటిలోని దీపపు తీగెను మెలిపెట్టి టేపు చుట్టినను దీపము వెలుగును. కోయాక్సియల్ కేబులులో అది చెల్లదు. లోపలి తీగె లావునకును, వెలుపలి గొట్టము వ్యాసమునకును ఒక నిష్పత్తి కలదు. అది మారినచోట, కాలువలో పోవు అల గట్టుకు తగిలి మరలినట్లు సంకేతములో కొంత వెనుకకు మరలును. కావున టోపీ అనునది ఉత్త మూత కాదు. తీగె లోపలి కొలతను ఆవలి పరికరమువరకు చెడనీయక కొనిపోవలసినది. 1940 దశకమున బెల్ ప్రయోగశాలల పాల్ నీల్ ఒక రకమును, ఆంఫినాల్ సంస్థకు చెందిన కార్ల్ కాన్సెల్మాన్ ఒక రకమును రూపొందించిరి. ఇద్దరి పేర్లకు బయొనెట్ అను మాట చేర్చగా బి.ఎన్.సి. అయ్యెను. తుపాకి మొనకు బాకు తగిలించినట్లు చొప్పించి పావుచుట్టు త్రిప్పుట దాని విధానము. స్టూడియోలలో దానికి బ్రిటిషు నౌకాదళపు పేరని చెప్పువారిని మేము వినియున్నాము, అది కట్టుకథ.

ఆ టోపీలు మేలైనవేగాని వెల హెచ్చు. 1948 ప్రాంతమున పెన్సిల్వేనియాలోని కొండనడిమి గనుల ఊళ్ళకు ఫిలడెల్ఫియా టెలివిజను అందెడిది కాదు. 1950లో లాన్స్‌ఫర్డ్ అను ఊరిలో రాబర్ట్ టార్ల్‌టన్ కొండపై ఏరియల్ నిలిపి, కేబులు దించి, ఇంటింటికి చందాపై బొమ్మ నిచ్చెను. పరికరములు జెరాల్డ్ సంస్థవి. ఇంటింటికి ఒక కొస యన్నచో వేలకొలది టోపీలు. ఆ సంస్థలో పనిచేయుచుండిన ఎరిక్ విన్‌స్టన్ 1950 దశకపు ఆరంభమున ఒక ఉపాయము కనిపెట్టెను. టోపీకి వేరే సూది యేల? కేబులు నడిమి తీగెయే సూదిగా పనిచేయవచ్చును గదా! ఇదియే నేడు లోకమంతట నున్న ఎఫ్ రకపు టోపీ. చవుకదనమే దాని సుగుణము; దాని వ్యాధియు నదియే. సూది కేబులుదే యగుటచే, కేబులు కోయువాని చేయి ఎంత మంచిదో అతుకు అంత మంచిది.

మొదట టోపీకి ఒక ఉంగరము తొడిగి పట్టుకారుతో నొక్కెడివారు. తరువాత ఆరుపలకల నొక్కుడు వచ్చెను. గుండ్రని తీగెను ఆరుపలకలుగా నొక్కినచో మూలలయందు సందులుండును; ఆ సందులనుండి నీరు దిగును, సంకేతము కారును. గత శతాబ్దపు చివరి దశాబ్దములలో కంప్రెషన్ టోపీ వచ్చి ఈ లోపమును చాలవరకు తీర్చెను. ఇందు నొక్కుడు ప్రక్కలనుండి కాదు, పొడవునకు. వెనుకనున్న గొట్టము ముందునకు జరిగి కేబులు తొడుగును చుట్టును సమముగా బిగించును.

పని చూచుట కొక నిమిషము. కేబులు కొసను చితుకకుండ నిటారుగా కోయవలెను. మొద్దుపట్టుకారుతో నలిపినచో గుండ్రము కోడిగ్రుడ్డగును. రెండు బ్లేడులుగల పనిముట్టును కొసపై త్రిప్పినచో నడిమి తీగె ఆరు మిల్లీమీటర్లు బయటపడును. మరియొక ఆరు మిల్లీమీటర్లు తెల్లని పొర మిగులును. అల్లికను వెనుకకు మడవవలెను. తెల్లని పొరకు అంటియున్న రేకును ఒలువరాదు. ఒక్క పోగు నడిమి తీగెను తాకినను పని వ్యర్థము. తరువాత టోపీని, తెల్లని పొర లోపలి అంచుతో సమముగా కనబడువరకు తోసి, పనిముట్టుతో బిగింపవలెను. నడిమి తీగెకు గాటు పడుట పెద్ద తప్పు. చవుక కేబులులో ఆ తీగె ఉక్కు. పైన రాగిపూత మాత్రమే. హెచ్చు పౌనఃపున్యపు విద్యుత్తు వాహకము పైచర్మమునందే పోవును గనుక ఆ పూతయే చాలును. గాటు పడినచో పోవునదియు ఆ పూతయే.

నీటి సంగతి మాకు స్వానుభవము. మేము పనిచేసిన ఒక నిలయమున శ్రావణమాసములో ఢిల్లీ వార్తలు మధ్యమధ్య తెగుచుండెను. మబ్బులవలన నని వ్రాసికొంటిమి. మబ్బు విడిచి ఎండకాసిన దినమునను తెగెను. ఒక సాంకేతికుడు మేడ యెక్కి డిష్ కడనున్న టోపీని విప్పగా చెంచాడు నీరు పడెను. అల్లికయంతయు చిలుము పట్టి ఆకుపచ్చగా నుండెను. ప్రమిదలో వత్తి నూనెను లాగినట్లు ఆ అల్లిక నీటిని లోనికి లాగికొనెను. మూడు జానల తీగె కోసిన పిమ్మటగాని ఎర్రని రాగి కనబడలేదు. టోపీ పెట్టినవారు నీరు కారిపోవుటకు తీగెను క్రిందికి వంపి కట్టి యుండలేదు. ఆ టోపీ పెట్టించినవారము మేమే గనుక ఎవరిని అడుగుటకును లేకపోయెను.

మన ప్రాంతమునకు హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న వచ్చినది. అప్పటికి ఇంటిపై ఏరియల్, చదునైన జంటతీగె. నల్లతీగె ఊరూర ప్రాకినది 1991 తరువాత, ఉపగ్రహ ప్రసారములతో. 1995లో తెలుగు ప్రైవేటు ఛానళ్ళు వెలసిన పిమ్మట వీథివీథి యందు కొబ్బరిచెట్లనుండి మేడలకు, మేడలనుండి స్తంభములకు అది వ్రేలాడినది. ఆ దినములలో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులే హెచ్చు. క్రొత్త సినిమాలో కథానాయకుని ప్రక్క అతని నీడయు నటించుచుండెడిది. జనులు సర్దుకొనిరి.

సముద్రము క్రింద 1988 నుండి గాజుతీగె కోయాక్సియల్ స్థానము నాక్రమించినది. వీథి స్తంభమువరకు గాజుతీగె వచ్చి, అచ్చటినుండి గదిలోనికి నల్లతీగె వచ్చు ఇండ్లు నేటికిని కలవు. డిష్ ఉన్నచోట నెల్ల అదియే యున్నది. గాజుతీగెకును కొస కోయుట కలదు. వెంట్రుకవంటి ఆ పోగును నిటారుగా విరిచి, విద్యుత్ మెరుపుతో కరగించి అతుకుదురు. ఆ పనివాని సంచిలో ఇప్పుడు రెండు రకముల కత్తులుండును.